న్యూ ఆర్లీన్స్ ఇంటి పాట: చెడిపోయింది అమ్మాయా, అబ్బాయా?

ప్రశ్న: న్యూ ఆర్లీన్స్‌లోని ఒక ఇంటి గురించిన అమెరికా పాట ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ను బ్రిటిష్ రాక్ బృందం యానిమల్స్ గొంతులో వింటే, ఆ ఇల్లు ఎందరో పేద కుర్రాళ్లను నాశనం చేసిందని ఉంది. అమెరికన్ జానపద గాయని జోన్ బేజ్ పాడినదాంట్లో అదే చోట అమ్మాయిలున్నారు. అసలు పాఠం ఏది? ఇంతకీ ఇది జానపదమా, అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటా?

జవాబు: యానిమల్స్ 1964లో రేడియో కోసం అమ్మాయిని అబ్బాయిగా మార్చేశారని చాలామంది తేలిగ్గా చెప్పేస్తుంటారు. అది సగమే నిజం. 1925లో జానపద గేయాల సేకర్త రాబర్ట్ గోర్డన్ ఒక పత్రికలో అచ్చువేయించిన పాఠంలో ఉన్నది అమ్మాయి. 1933లో క్లారెన్స్ యాష్లీ, గ్వెన్ ఫోస్టర్ ఇచ్చిన తొలి రికార్డులో అబ్బాయిలు. 1937లో మరో సేకర్త అలన్ లోమాక్స్ అమెరికాలోని కెంటకీ రాష్ట్రం మిడిల్స్‌బరోలో జార్జియా టర్నర్ చేత పాడించాడు. గని కార్మికుడి కూతురు, అప్పటికి పదహారేళ్లది. ఆమె పాటలో మళ్లీ అమ్మాయే. కాబట్టి పాతది ఏదో తేల్చడానికి తేదీలు పనికిరావు, చరణాల్లోకి దిగాల్సిందే.

టర్నర్ పాటలో ప్రియుడు తాగుబోతు. 1962లో వచ్చిన బాబ్ డిలన్ రికార్డులో ప్రియుడు జూదరి. యానిమల్స్ పాటకు వచ్చేసరికి జూదరి తండ్రి అయ్యాడు! పాడేది మగవాడైతే ఆ ప్రియుడికి పాటలో చోటేదీ? అలాగే డిలన్ పాడినదాంట్లో ‘నేను చేసిన పని చేయవద్దని నా చిన్న చెల్లెలికి చెప్పండి’ అన్న హెచ్చరిక ఉంది. యానిమల్స్ దాన్ని ‘అమ్మా, నీ పిల్లలకు చెప్పు’ అని మార్చారు. మొదటి చరణంలో ఒక్క మాట మారినందుకు కుటుంబమంతా సర్దుకోవాల్సి వచ్చింది. పాటలో జీన్స్ కుట్టే తల్లి మాత్రం కదల్లేదు. నా మట్టుకు అమ్మాయి పాఠమే బిగువుగా ఉంది. తాగుబోతు ప్రియుడు, చెల్లెలికి చెప్పే జాగ్రత్త, తిరిగి ఆ ఇంటికే పోవడం, అన్నీ ఒకే కథలో ఇముడుతాయి. తండ్రి జూదరి అయితే కథ వంశపారంపర్యపు దోషం వైపు మళ్లుతుంది. అదీ బాగానే ఉంది కానీ, అది వేరే పాట.

ఇక బ్లూస్ సంగతి. యాష్లీ రికార్డు పేరు ‘రైజింగ్ సన్ బ్లూస్’. పాడినవాడు తూర్పు అమెరికాలోని అపలాచియా కొండల తెల్లవాడు. బ్లూస్‌లో సాధారణంగా ఒక పాదం పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పాదంలో ముగింపు ఇస్తారు. ఇక్కడ ఆ కట్టు లేదు, బ్రిటిష్ కథాగేయాల తరహా నాలుగు పాదాల చరణమే ఉంది. 1940లలో జోష్ వైట్, లెడ్ బెల్లీ వంటి నల్లజాతి గాయకులూ దీన్ని పాడారు. నల్లవారి పాటలను ఒక వరుసలో, తెల్ల పల్లెటూరివారి పాటలను మరో వరుసలో పెట్టి అమ్మింది రికార్డు కంపెనీలు. ఈ పాట ఆ గోడను ఏనాడూ పట్టించుకోలేదు.

మరో సభ్యుడి స్పందన: వేమన పద్యాల పాఠాంతరాల లాంటిదే కదా!

జవాబు: కొంతవరకే. తాటాకు ప్రతుల్లో తేడాకు రాతగాడి పొరపాటు కూడా కారణం కావచ్చు. ఇక్కడ ప్రియుణ్ణి తండ్రిని చేసింది తెలిసి చేసిన పని.

ప్రశ్న: డిలన్ స్వరకల్పన సొంతమేనా?

జవాబు: కాదు, న్యూయార్క్ జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్‌ది. ఆయనకు ముందుగా చెప్పకుండానే డిలన్ రికార్డు చేసేశాడు. ఆ తర్వాత వాన్ రాంక్ ఎక్కడ పాడినా, డిలన్ పాట ఎత్తేశాడని జనం అనడంతో పాడటం మానుకున్నాడట. యానిమల్స్ రికార్డు మోగిపోయాక డిలన్‌కూ అదే గతి పట్టిందని వాన్ రాంక్ నవ్వుతూ చెప్పేవాడు. యానిమల్స్ రికార్డు మీద మాత్రం సంప్రదాయ గేయానికి స్వరం కూర్చినవాడిగా బృందంలో కీబోర్డు వాయించిన ఒక్క అలన్ ప్రైస్ పేరే ఉంది. బృందంలో మిగిలిన నలుగురికి దాని మీద రాయల్టీ రాలేదు.