పాండవుల గుట్టల్లో ఒకరోజు నడక: దారి ఎరిగినవాళ్ళు చెప్పండి

అన్నలూ, అక్కలూ, డిసెంబర్‌లో ఒక ఆదివారం హనుమకొండ నుంచి రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు పోదామనుకుంటున్నం. నేను, మా బాపు, పదేళ్ల పాప. పరకాల మీదుగా రేగొండ దాకా బస్సు సరే, అక్కడి నుంచి గుట్టల మొదలు దాకా ఆటోలు దొరుకుతయా? సాయంత్రం తిరిగి రావడానికి?

అడవి, నిలువు బండలు, ఇరుకు సందులు, ఆదిమానవులు ఎర్రరంగుతో గీసిన బొమ్మలు, అన్నీ ఒకే నడకలో చూడాలని మా ఆశ. కానీ బాపుకు మోకాళ్ళ నొప్పి. పెద్దగా ఎక్కకుండా చూడగలిగే బొమ్మలు ఎటువైపున్నయి? దారి చూపే ఊరివాళ్ళు ఎవరన్నా ఉంటరా? బొమ్మల్ని ముట్టొద్దని పాపకు ముందే చెప్పిన. వేల ఏండ్లు నిలిచినవి మన చేతుల్లో చెరిగిపోవద్దు. లోపల నీళ్ళు దొరుకుతయా, అన్నీ మోసుకుపోవాల్నా? తేనెటీగలున్న చోట్లు తెలిస్తే తప్పక రాయండి.