తానే పొగ తాగే కౌన్సెలర్ రోగికి ఏం చెప్పాలి?

ప్రశ్న: కౌన్సెలర్, మహబూబ్‌నగర్ జిల్లా

ఒక మద్య వ్యసన చికిత్స కేంద్రంలో ఆరేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఒకప్పుడు నేనూ ఇలాంటి కేంద్రంలో చికిత్స పొందినవాడినే. మద్యం మానేసి తొమ్మిదేళ్లయింది గానీ, రోజుకు పది సిగరెట్లు మాత్రం మానలేకపోయాను. మా నలుగురు కౌన్సెలర్లలో ముగ్గురం పొగ తాగుతాం. సాయంత్రం గ్రూపు కౌన్సెలింగ్ ముగిశాక నీళ్ల ట్యాంకు పక్కన రోగులతో కలిసే తాగుతాం. గదిలో నోరు విప్పనివారు అక్కడ మనసు విప్పుతారన్నది నిజం. గత వారం ఒకాయన కేసు షీటులో మద్యం గురించి రెండు పేజీలు రాసి, పొగాకు గడిని ఖాళీగా వదిలేశాను. ఆయన నా చొక్కా జేబులోని పెట్టె వైపు చూస్తూ, “సార్, మందుతో పాటు ఇదీ మానొచ్చా?” అని అడిగారు. రెండూ ఒకేసారి వదిలితే తట్టుకోలేరని చెప్పాను. నేను చేరినప్పుడు నాకు చెప్పిన మాటే అది. ఆ జవాబు సరైనదేనా?

జవాబు: మానసిక వైద్యురాలు, విశాఖపట్నం

మీరు దాచకుండా రాసినందుకు కృతజ్ఞతలు. ఆ మాట చాలా కేంద్రాలలో వినిపించేదే గానీ, దానికి బలమైన ఆధారం లేదు. 2004లో అమెరికా పరిశోధకురాలు జూడిత్ ప్రొచాస్కా బృందం అప్పటివరకు జరిగిన పరిశోధనలను కలిపి చూసినప్పుడు, వ్యసన చికిత్సలో ఉండగానే పొగ మానడానికి సాయం అందుకున్నవారు మద్యానికీ మాదకద్రవ్యాలకూ దీర్ఘకాలం దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది. అదే ఏడాది వెలువడిన, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిగిన పరిశోధనలో మాత్రం, పొగ మాన్పించే చికిత్సను ఆరు నెలలు ఆగి ఇచ్చినవారిలోనే మద్యానికి దూరంగా ఉన్నవారు ఎక్కువగా కనిపించారు. కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది రోగితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. అసలు అడగకుండా వదిలేయడం మాత్రం తప్పు. అమెరికాలో వ్యసన చికిత్స పొందిన 845 మందిని ఏళ్ల తరబడి గమనించి మేయో క్లినిక్ వైద్యులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మరణాలలో సగానికి పొగాకు కారణం కాగా, మద్యం కారణమైనవి మూడో వంతే.

ఇంకొక మాట. రోగి తీవ్ర మానసిక రుగ్మతలకు ఇచ్చే క్లోజపిన్ గానీ ఒలాంజపిన్ గానీ వాడుతుంటే, పొగ మానుతున్న సంగతి డాక్టరుకు తప్పక తెలియజేయండి. పొగలోని తారు పదార్థాల వల్ల కాలేయం ఆ మాత్రలను త్వరగా అరగదీస్తుంది. పొగ ఆగిపోతే అదే మోతాదు రక్తంలో ఎక్కువవుతుంది.

జవాబు: నర్సు, శ్రీకాకుళం జిల్లా

ఆ గడిలో ఏమని అడగాలన్నది కూడా ముఖ్యమే. “పొగ తాగుతారా?” అంటే ఖైనీ నమిలే మనిషి లేదనే అంటాడు, అది అబద్ధమూ కాదు. 2016–17 జాతీయ సర్వేలో పొగ తాగే పెద్దలు 10.7 శాతమైతే, పొగ లేని పొగాకు వాడేవారు 21.4 శాతం. మా వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుంటారు. అది తెలియని కౌన్సెలర్, ఆ వేడి తగిలే అంగిలి చూపించమని వారిని ఎన్నటికీ అడగరు.

పొగాకు మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్‌ను కూడా మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, కడుపులో తిప్పుతోందని పారేస్తారు. ఘాటు తెలిసేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు.

జవాబు: కౌన్సెలర్, గుంటూరు

సిగరెట్ మానితే రోగులు నాతో మాట్లాడరేమోనని నేనూ భయపడ్డాను. టీ గ్లాసు పట్టుకుని, మునుపు వాళ్లతో సిగరెట్ తాగిన అరుగు మీదే కూర్చున్నాను, మాటలు ఆగలేదు. న్యూయార్క్ రాష్ట్రం 2008లో వ్యసన చికిత్స కేంద్రాల ఆవరణలో రోగులకే కాదు, సిబ్బందికీ పొగాకును నిషేధించింది. అయితే నిషేధం ఒక్కటే చాలదు, సిబ్బందికి మానే సాయమూ అందాలి. మీ జేబులోని పెట్టె మీదే పొగాకు మానడానికి సాయపడే 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంటుంది. ముందు మీకోసమే ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు ఆయన దగ్గరికి వెళ్లి, నేను చెప్పింది పొరపాటని ఒప్పుకున్నాను. ఖాళీ గడి నింపుతూ, అలవాటు ఎంత బలంగా ఉందో తెలియడానికి, ఉదయం లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారని అడిగాను. పావుగంట అన్నారు. నాదీ అంతే. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ నంబరుకు ఇద్దరం ఫోన్ చేయబోతున్నాం.