గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
మా ఆయన గురక పాత సంగతే. ఈమధ్య మాత్రం అది ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఛాతీ ఎగసిపడుతుంది కానీ గాలి ఆడదు. కాసేపటికి ఉలిక్కిపడినట్టు ఊపిరి లాగుతారు. ఆ నిశ్శబ్దంలో నేను అంకెలు లెక్కపెడుతూ కూర్చుంటున్నా. నిన్న 18 దాకా వెళ్లింది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునుకుపాట్లు. ఆయనేమో అలసట అంటారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఇది స్లీప్ ఆప్నియా కావచ్చండీ. నాకూ అదే. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసదారి మూసుకుపోతుంది. ఒంటినిండా వైర్లు పెట్టి రాత్రంతా స్లీప్ స్టడీ చేశారు. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 30 సార్లు, ఆపైన ఉంటే తీవ్రమైనదే. నాకు 41 వచ్చింది. నిద్రలో ఒత్తిడితో గాలి పంపి శ్వాసదారి తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్ ఇచ్చారు. దాని మాస్కు మొదటి వారం ముక్కు మీద ఒరుసుకుపోయి, అర్ధరాత్రి పీకేసేవాణ్ణి. సైజు మార్చాకే కుదిరింది. మీ ఆయనకూ అది ఇస్తే, దయచేసి మానేయనివ్వకండి.

జవాబు 2:
డాక్టర్ని కలిసేదాకా పక్కకు తిరిగి పడుకోమనండి. మద్యం, సొంతంగా వేసుకునే నిద్రమాత్రలు అస్సలు వద్దు. కునుకు వస్తుంటే బండి తోలనివ్వకండి. ఆ ఊపిరి ఆగడం ఫోన్‌లో వీడియో తీయండి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి వీడియో తీసి చూపించాను. రెండుసార్లు చూసి, "డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?" అన్నారు. గురువారం వెళ్తున్నాం.