అమెరికా కథలు సరే, కువైట్ పోయిన ఆడవాళ్ల కథలు ఎక్కడ దొరుకుతాయి?

కడపలో ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నా. ప్రవాస భారతీయ నవలల్లో ఆడవాళ్లు అణచివేత దాటి తమ బతుకు తాము ఎంచుకునే తీరు మీద ప్రాజెక్టు రాయాలి. భారతీ ముఖర్జీ 'జాస్మిన్' (1989), ఝుంపా లాహిరి 'ద నేమ్‌సేక్' (2003) తీసుకున్నా.

మొదటిదాంట్లోనే ఇరుక్కుపోయాను. పంజాబు పల్లెలో పుట్టిన జ్యోతిని జాస్మిన్ చేసింది భర్త ప్రకాశ్. అమెరికాలో జేస్ అని పిలిచింది ఆమె పిల్లను చూసుకునే పనికి కుదిరిన ఇంటాయన టేలర్, జేన్ అన్నది తర్వాత ఆమె కలిసి బతికిన బడ్. చివరికి బడ్‌ను వదిలి వెళ్లేది కూడా టేలర్‌తోనే. దీన్ని స్వేచ్ఛ అనొచ్చా? మా గైడ్ సార్ అవుననే అంటారు, నాకైతే మనసొప్పడం లేదు. భర్త పోయాక ఆరు నెలలు ఇండియాలో, ఆరు నెలలు అమెరికాలో ఉండాలని తనే తేల్చుకున్న 'ద నేమ్‌సేక్'లోని అషిమా నయం అనిపిస్తోంది. జాస్మిన్ చదివినవాళ్లు ఆ ముగింపు గురించి ఏమనుకున్నారో చెప్పండి.

ఇంకో సంగతి. మా వైపు నుంచి ఇంటిపనికి కువైట్ పోయిన ఆడవాళ్లు చాలామంది. అక్కడ పాస్‌పోర్టు కూడా యజమాని చేతిలో పెట్టి బతికి, ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకుని, ఇంట్లో తమ మాట నెగ్గించుకుంటున్నవాళ్లూ ఉన్నారు. (వీళ్లు ప్రవాసులు కారా, మరి?) వీళ్ల మీద తెలుగులో వచ్చిన కథలు, నవలలు తెలిస్తే పేర్లు రాయండి. నెలాఖరుకి సినాప్సిస్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.