బెడ్‌రూమ్‌లో మురుగు వాసన, కానీ బాత్రూమ్ శుభ్రంగానే ఉంది. ఎక్కడ వెతకాలి?

మూడో_అంతస్తు:
హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. మాస్టర్ బెడ్‌రూమ్‌లో రాత్రిపూట డ్రైనేజీ కంపు. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే తగ్గాల్సింది పోయి ఇంకా పెరుగుతోంది. ఎండాకాలంలో లేదు, నవంబర్ నుంచి మొదలైంది. నహానీ ట్రాప్‌లో (బాత్రూమ్ నేల మీది జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె) ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్ పోస్తే రెండ్రోజులు తగ్గి మళ్లీ మామూలే. ప్లంబర్ టైల్స్ పగలగొట్టాలంటున్నాడు. పొద్దున లేచేసరికి తలనొప్పి కూడా. యుటిలిటీలో గ్యాస్ గీజర్ ఉంది.

పైపులైను:
ముందు ఆ ఆసిడ్, బ్లీచింగ్ ఒకచోట కలపడం మానేయండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికొస్తుంది.

తలనొప్పి సంగతి వేరుగా చూడాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు. గీజర్ వాడాక తలనొప్పి వచ్చి, బయట తిరిగితే పోతుంటే కిటికీలు తెరిచి గీజర్ ఆపేయండి, మంట నీలంగా మండుతోందో లేదో మెకానిక్‌కి చూపించాకే మళ్లీ వాడండి. కుళ్లిన క్యాబేజీ లాంటి వాసన వంటింట్లో నేలకి దగ్గరగా వస్తే అది ఎల్‌పీజీ కావచ్చు. స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికెళ్లి 1906కి ఫోన్ చేయండి.

టైల్స్ జోలికి ఇప్పుడే పోవద్దండీ.

గాలి_దారి:
ఫ్యాన్ వేస్తే వాసన పెరగడమే అసలు ఆనవాలు. ఫ్యాన్ గదిలోని గాలిని బయటికి తోసేస్తుంది. కిటికీలు మూసి ఉంటే ఆ లోటు పూడ్చుకోవడానికి ఏ కంత దొరికితే అందులోంచి గాలి లాక్కుంటుంది. ఒక రాత్రి కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి, ఫ్యాన్ వేసి చూడండి. వాసన తగ్గితే ఇదే కారణం.

తర్వాత అగరుబత్తి పరీక్ష (గ్యాస్ అనుమానం పూర్తిగా తీరాకే). తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, ఒక్కో కంత దగ్గర బత్తి పెట్టండి. పొగ గదిలోకి ఎగదోసుకొస్తే గాలి అక్కడి నుంచే వస్తున్నట్టు. చూడాల్సినవి: నహానీ జాలీ, బేసిన్ వేస్ట్ పైపు గోడలోకి దూరే చోటు, కమోడ్ అడుగున సిమెంట్ అంచు, వాషింగ్ మెషీన్ పైపు, ఏసీ డ్రైన్ పైపు. చివరిది చాలామంది మర్చిపోతారు.

నహానీలో నీళ్లు సుమారు 50 మి.మీ. లోతు నిలవాలి, అదే మురుగు గాలిని ఆపే తాళం. జాలీ కింద బోర్లించిన కప్పు ఉండే రకమైతే, కడిగేటప్పుడు తీసి మళ్లీ పెట్టకపోవడం మామూలుగా జరిగే పొరపాటు. అది చూసుకోండి. పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడు గుడగుడ శబ్దం వస్తే మాత్రం కథ వేరు: వెంట్ పైపు (మురుగు లైన్‌కి గాలి అందేలా టెర్రస్ దాకా పెట్టే పైపు) మూసుకుపోయి, ఫ్లష్ నీళ్లు దిగేటప్పుడు మీ ట్రాప్‌లో నీళ్లని లాగేస్తుండొచ్చు. టెర్రస్ మీద దాని మూత చూడాలి.

ముక్కు కొద్ది నిమిషాల్లోనే వాసనకి అలవాటు పడిపోతుంది. ప్రతి పరీక్షకీ ముందు కాసేపు బయట నిలబడి రండి.

మూడో_అంతస్తు:
కిటికీ తెరిస్తే వాసన పోయింది. నహానీ దగ్గర పొగ కదల్లేదు. ఏసీ ఇండోర్ యూనిట్ కింద మాత్రం గట్టిగా ఎగదోసింది. దాని డ్రైన్ పైపు గోడలోంచి వెళ్లి పైపులు దిగే షాఫ్ట్‌లో బాత్రూమ్ మురుగు లైన్‌కే కలిపారు. తలనొప్పి గురించి గీజర్ మెకానిక్‌ని పిలిచాం.

పైపులైను:
నవంబర్ ఎందుకో తెలిసిపోయింది. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు ఆ పైపు వంపులో నిలిచి గాలిని ఆపాయి. ఏసీ ఆపేశాక అవి ఎండిపోయాయి. అందుకే కొత్తగా యూ-బెండ్ (నీళ్లు నిలిచే వంపు పైపు) పెట్టించినా ప్రతి చలికాలం ఇదే తంతు.

పైపుని మురుగు లైన్ నుంచి విడదీయించండి. లైన్ వైపు మిగిలిన నోటికి పీవీసీ ఎండ్ క్యాప్ సాల్వెంట్ సిమెంట్‌తో అంటించాలి, టేపు చుట్టి వదిలేస్తే ఊడుతుంది. ఏసీ పైపుని బాల్కనీ జాలీ పైన రెండంగుళాల ఖాళీ ఉంచి వదలండి, లోపలికి దూర్చొద్దు. పైపు వాలు బయటికే ఉండాలి, లేకపోతే నీళ్లు గోడ మీదికి కారతాయి. అంతవరకు ఫ్యాన్ వేసినప్పుడల్లా కిటికీ కొంచెం తెరవండి.

గెస్ట్ బాత్రూమ్ వాడకపోతే వారానికొక మగ్గు నీళ్లు నహానీలో పోయండి. నెల రోజులు ఊరెళ్తుంటే నీళ్ల పైన రెండు మూడు చెంచాల లిక్విడ్ పారాఫిన్ వేయండి, మెడికల్ షాపులో దొరుకుతుంది, నీళ్లు త్వరగా ఆవిరవ్వవు. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది.