తీరం కోతకు అడ్డంగా బండరాళ్లు వేయించే అధికారం పంచాయతీకి ఉందా?

కెరటం:
ఉప్పాడ వైపు ఏటా ఇళ్లు సముద్రంలో కలిసిపోతున్నాయి. పంచాయతీ తన నిధులతో రెండొందల మీటర్ల మేర బండరాళ్లు పోయించుకోవచ్చా? కలెక్టరు ఒప్పుకుంటే సరిపోతుందా?

గట్టుపని:
సరిపోదండి. కోత నివారణ పనికి పథకం వేయడం, డబ్బు పెట్టడం, కట్టడం రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవాలి. మామూలుగా జలవనరుల శాఖ చేయిస్తుంది. పంచాయతీ చేతిలో ఉన్నది గ్రామసభ తీర్మానం, కోతకు పోయిన సర్వే నంబర్ల జాబితా, తేదీలు ఉన్న ఫొటోలు. ఇవి గట్టిగా ఉంటే ఫైలు కదులుతుంది.

అసలు చిక్కు తీరంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ అనుమతి. గోడ ఒడ్డు మీదే ఉన్నా దాని పాదం పోటు గీతకూ పాటు గీతకూ మధ్య పడుతుంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం ఆ జాగా సీఆర్‌జెడ్-1బి. కోత నివారణ పనులు అక్కడ నిషేధం కాదు, కానీ రాష్ట్ర తీరప్రాంత అథారిటీ పరిశీలించాకే అనుమతి వస్తుంది. దరఖాస్తు కేంద్రం నడిపే పర్యావరణ అనుమతుల పరివేష్ పోర్టల్లో పెట్టాలి. 1:4000 స్కేలు మ్యాపు మీద కట్టడం గీసి ఉండాలి. ఆ మ్యాపు కేంద్రం గుర్తించిన సంస్థ చేయాల్సిందే, ఊరి సర్వేయరు స్కెచ్ చెల్లదు.

డబ్బు సంగతి: 15వ ఆర్థిక సంఘం 2021–26కు కోత నివారణ కోసం జాతీయ విపత్తు ఉపశమన నిధిలో 1,500 కోట్లు చూపించింది.

రాతికట్టు:
అనుమతి సరే, ఊరికే రాళ్లు దొర్లిస్తే రెండు మూడు వానాకాలాల్లో ఇసుకలోకి దిగిపోతాయి. అడుగున నీరు పోనిచ్చి ఇసుకను పట్టి ఉంచే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచకపోతే అల వెనక్కి మళ్లిన ప్రతిసారీ రాళ్ల సందుల్లోంచి ఇసుక లాగేస్తుంది. బయటి రాయి బరువు అల ఎత్తును బట్టి లెక్కగట్టే హడ్సన్ సూత్రంతో తేలుతుంది. 1:2 వాలు, రెండు వరుసలు, మొరటు రాయి అనుకుంటే, విరిగే అల 2 మీటర్లకు ఒక్కో రాయి దాదాపు 1.3 టన్నులు. అదే 3 మీటర్లయితే 4.5 టన్నులు! ఎస్టిమేటులో అల ఎత్తు కాస్త తక్కువ రాస్తే గోడ పోయేది ఇక్కడే. దాని కింది వరుసకు పైరాయి బరువులో పదో వంతు చాలు. పాదం మాత్రం ఇసుక కోసుకుపోయే లోతు కంటే కిందికి దిగాలి.

ఈశాన్యం:
మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోడ ఆగిన చోట, ఉత్తరం చివర, కోత పక్క ఊరి మీద పడుతుంది. అనుమతి అడిగేటప్పుడు ఆ ఊరిని కూడా కలుపుకోండి, లేదంటే కేసు వాళ్లే వేస్తారు.

కెరటం:
రాళ్ల బదులు జియోట్యూబులు వేస్తే అనుమతి అక్కర్లేదంటున్నారు?

గట్టుపని:
తప్పు. ఇసుక నింపిన గొట్టమైనా కట్టడమే, అదే అనుమతి కావాలి. పైగా లంగరో కొయ్యో తగిలి ఒకచోట చిరిగిందంటే ఇసుకంతా కారిపోయి గొట్టం చదునైపోతుంది. ఎండకు గుడ్డ కూడా పెళుసవుతుంది. వేయిస్తే పైన రాతి కప్పు తప్పనిసరిగా పెట్టించండి.