థాయ్‌లాండ్‌లో కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా, బాట్‌లలోనా? ఫారెక్స్ కార్డు తప్పదా?

గుంటూరు_ఘాటు:
సంక్రాంతి సెలవులకి అమ్మానాన్నలతో బ్యాంకాక్, ఫుకెట్ వెళ్తున్నాం. ఆఫీసులో ఒకాయనేమో "మెషీన్ రూపాయలు చూపిస్తే అదే నొక్కు, ఎంత పోయిందో అక్కడే తెలుస్తుంది" అంటాడు. మా బావేమో ఫారెక్స్ కార్డు, అదే ముందుగా విదేశీ డబ్బు నింపుకుని వెళ్లే కార్డు, లేకుండా విమానం ఎక్కొద్దంటాడు. ఇద్దరూ బయట దేశాలు తిరిగినవాళ్లే. నా దగ్గరున్నది మామూలు క్రెడిట్ కార్డు, జీతం పడే ఖాతా డెబిట్ కార్డు. ఎవరి మాట వినాలి?

లెక్కల_మాస్టారు:
మీ ఆఫీసాయనకి ఓ దండం పెట్టి ఊరుకోండి. ఆ మెషీన్‌లో కనబడే రూపాయల రేటు మీ బ్యాంకుదీ కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్లదీ కాదు. షాపు తరఫు బ్యాంకూ, మధ్యలో కన్వర్షన్ చేసే కంపెనీ కలిసి వేసుకున్న రేటు, అందులో చాలాచోట్ల షాపువాడికీ వాటా ఉంటుంది. దీన్నే డీసీసీ, అంటే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. అసలు రేటు మీద ఐదు శాతం వేసుకోవడం మామూలు, ఇంకా ఎక్కువ వేసేవాళ్లూ ఉన్నారు. బాట్ నొక్కితే వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్ల ఆ రోజు రేటు పడుతుంది, అది మార్కెట్ రేటుకి చాలా దగ్గరగా ఉంటుంది. వాళ్ల సైట్లలో కాలిక్యులేటర్ ఉంది, ముందే చూసుకోవచ్చు.

ఓరుగల్లు_కుర్రోడు:
మాస్టారూ, సగమే చెప్పారు. బాట్ నొక్కితే మా బ్యాంకు ఊరుకుంటుందా? మామూలు కార్డు మీద 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసుకునేది), దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4.13 అవుతుంది. అక్కడ ఐదు, ఇక్కడ నాలుగు పైన. ఈ ఒక్క శాతం కోసం కౌంటర్ దగ్గర వెనకాల జనాన్ని నిలబెట్టి వాదించాలా? రూపాయల్లో అయితే కనీసం అంకె అర్థమవుతుంది.

లెక్కల_మాస్టారు:
ఆ ఒక్క శాతం దగ్గరే మీరు ఆగిపోయారు బాబూ. రూపాయల్లో నొక్కినా షాపు బయట దేశంలోదే కదా, అందుకని మన దగ్గర చాలా బ్యాంకులు అలాంటి లావాదేవీల మీద కూడా 1 శాతం దాకా వేస్తాయి, దానికీ జీఎస్టీ. లెక్క తేలిగ్గా ఉండడానికి బాట్ రెండున్నర రూపాయలు అనుకోండి. 10,000 బాట్‌ల హోటల్ బిల్లు, అంటే 25,000. బాట్‌లో కడితే మామూలు కార్డు మీద దాదాపు 26,030 అవుతుంది. రూపాయల్లో కడితే 26,250, దాని మీద బ్యాంకు వాత కలిపి దాదాపు 26,560. అదే జీరో మార్కప్ కార్డు అయితే 25,000 దగ్గరే ఉంటుంది. జీరో మార్కప్ కార్డు చేతిలో పెట్టుకుని రూపాయలు నొక్కేవాళ్లని చూస్తే మాత్రం నాకు నోట మాట రాదు.

దుబాయ్_బాబాయ్:
ఫారెక్స్ కార్డు గురించి ఒక ముక్క. అది ఫ్రీ అని చెప్పే ఏజెంట్ మాట నమ్మకండి. డబ్బు లోడ్ చేసే రోజు వాడిచ్చే రేటులోనే వాడి లాభం ఉంటుంది, మిగిలింది వెనక్కి తీసుకునేటప్పుడు మళ్లీ తక్కువ రేటు. పైగా డాలర్లు నింపుకుని బాట్‌లో ఖర్చు పెడితే క్రాస్ కరెన్సీ ఛార్జీ వేరే. ఇక్కడ దుబాయ్‌లో దిర్హామ్ 1997 నుంచీ డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, ఒక్క పైసా కదలదు, అయినా మన వాళ్లు డాలర్ కార్డు తెచ్చి మాల్‌లో గీకితే చాలా కార్డులు ఆ ఛార్జీ పట్టేస్తాయి. తీసుకుంటే ఏ దేశం వెళ్తున్నారో ఆ కరెన్సీయే నింపండి.

తెనాలి_తెలివి:
బాబాయ్ గారు, లాభం ఒక్కటే చూస్తే ఎలా? పెద్దవాళ్లతో వెళ్తున్నాడు. ఫారెక్స్ కార్డు పోయినా అందులో ఉన్నదే పోతుంది, జీతం ఖాతా భద్రంగా ఉంటుంది. రేటు ముందే ఫిక్స్, రోజూ రూపాయి పడిందా లేచిందా అని టెన్షన్ లేదు. కాకపోతే హోటల్ డిపాజిట్‌కి మాత్రం అది ఇవ్వకండి. ఫుకెట్‌లో ఒక హోటల్ వాళ్లు చెక్ఇన్ దగ్గర బ్లాక్ చేసిన డబ్బు మేం ఇంటికొచ్చి చాలా రోజులయ్యాక గానీ విడుదల కాలేదు, ఖర్చులకి పెట్టుకున్న డబ్బే అది. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే నయం, బ్లాక్ అయ్యేది లిమిటే కదా.

ఓరుగల్లు_కుర్రోడు:
ఇది ఒప్పుకుంటా. టీసీఎస్, అదే విదేశీ ఖర్చుకి డబ్బు మార్చేటప్పుడు ముందే పట్టుకునే పన్ను, దాని సంగతి? ఫారెక్స్ కార్డుకి 20 శాతం పట్టుకుంటారట కదా?

లెక్కల_మాస్టారు:
2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ పడని పరిమితి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు. దాటితేనే పట్టుకుంటారు, అదీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఫ్యామిలీ ట్రిప్ లోడింగ్ అక్కడిదాకా పోదు. బయట దేశంలో క్రెడిట్ కార్డు ఖర్చుని ప్రస్తుతానికి అందులో కలపడం లేదు.

సువర్ణభూమి_సుబ్బడు:
అందరూ కార్డుల మీదే పడ్డారు. అక్కడ రోడ్డు పక్క తిండికీ, చిన్న కొట్లకీ నోట్లే కావాలి. ఏటీఎంలో విదేశీ కార్డు పెడితే ప్రతిసారీ 220 బాట్‌లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, వెయ్యి తీసినా ఇరవై వేలు తీసినా అంతే. చివర్లో ఒక స్క్రీన్ వస్తుంది, వాళ్ల రేటు పెద్ద అక్షరాల్లో, 'కన్వర్షన్ వద్దు' అనేది పక్కన నక్కి ఉంటుంది. వద్దు నొక్కితే డబ్బు రాదేమో అని భయపడతారు. వస్తుంది, నొక్కండి. క్రెడిట్ కార్డుతో మాత్రం తీయకండి, ఫీజు కాక మొదటి రోజు నుంచే వడ్డీ. నామటుకు నేను ఇక్కడి నుంచి 100 డాలర్ల నోట్లు తీసుకెళ్తాను, చిన్న నోట్లకి అక్కడ రేటు తగ్గిస్తారు. బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో లగేజీ దగ్గర కనబడే కౌంటర్లు వదిలేసి కింద రైల్ లింక్ అంతస్తుకి దిగితే రేటులో తేడా కనబడుతుంది.

తెనాలి_తెలివి:
అమ్మానాన్నలని, సూట్‌కేసులని వేసుకుని కింద అంతస్తుకి... సరే.

గుంటూరు_ఘాటు:
జీరో మార్కప్ కార్డుకి అప్లై చేశాను, కొద్దిగా డాలర్లు కూడా తీసుకుంటాను. ఇంకో డౌటు. కౌంటర్‌లో అమ్మాయే నన్నడక్కుండా రూపాయలు నొక్కేస్తే?

లెక్కల_మాస్టారు:
సంతకం పెట్టే ముందు స్లిప్ చదవండి. ఐఎన్ఆర్ (అంటే రూపాయలు) అనీ, రేటూ, కింద చిన్న అక్షరాల్లో 'నాకు కరెన్సీ ఎంచుకునే అవకాశం ఇచ్చారు' అనే అర్థం వచ్చే వాక్యమూ కనబడితే అక్కడికక్కడే క్యాన్సిల్ చేయించి బాట్‌లో మళ్లీ గీకించండి. మిమ్మల్ని అడగకుండా మార్చకూడదని వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లోనే ఉంది. హోటల్‌కొచ్చాక గుర్తొస్తే పని కష్టం, సంతకం పెట్టింది మీరే కదా. ఇంకోటి, 2020లో ఆర్‌బీఐ పెట్టిన రూలు ప్రకారం కొత్త కార్డుల్లో ఇంటర్నేషనల్ వాడకం ఆఫ్‌లోనే వస్తుంది. బయల్దేరక ముందే యాప్‌లో ఆన్ చేసుకోండి.

ఓరుగల్లు_కుర్రోడు:
క్యూ సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు మాస్టారూ. వంద బాట్‌ల బిల్లుకి నేనైతే వాదించను.